మూడో పిలుపు

కథను ఎక్కడ కొయ్యాలో నాకు తెలిసినంతగా విశాఖపట్నంలో ఇంకెవరికీ తెలియదని పదకొండేళ్ళు విర్రవీగాను. నేను సీరియల్ ఎడిటర్‌ని. అత్త చెయ్యి పైకి లేస్తుంది. కోడలి చెంపకు జానెడు దూరంలో ఉండగా కోసేస్తాను. ఆ దెబ్బ పడిందో లేదో తెలియాలంటే జనం మర్నాటి సాయంత్రం దాకా పళ్ళు కొరుక్కుంటూ కూర్చోవాలి. "పైడమ్మ కత్తెర పడిందంటే సగం జిల్లాకి అన్నం సహించదు" అని ఛానెల్ వాళ్ళు పొగిడితే ఉబ్బిపోయేదాన్ని. ఏడుగురి ప్రాణాలు పోయాక గానీ ఆ పొగరు దిగలేదు.

మా అమ్మ అసిరమ్మ జముకుల కథ చెప్పేది. జముకంటే చిన్న డోలు లాంటిది. లోపలి నుంచి ఒక నరం బిగించి ఉంటుంది, దాన్ని ఎడమచేతి వేళ్ళతో మీటుతుంటే జుంజుమ్మని మోగుతుంది. అమ్మ కథ ఎత్తుకుందంటే మంగళం పాడేవరకూ ఎవర్నీ లేవనిచ్చేది కాదు. "మంగళం పాడకుండా లెగిస్తే కథ మన ఎనకాలే ఇంటికొచ్చీసి పొయ్యి కాడ కూసుంటాదే" అనేది. నేను కిసుక్కున నవ్వేదాన్ని. చదువుకున్నదాన్ని కదా మరి!

కుంబా కుయాతే మా ఇంటికి వచ్చింది ఆ అమ్మ కోసమే. ఆవిడది ఆఫ్రికాలో గాంబియా. మేనకోడలు ఇక్కడి విశ్వవిద్యాలయంలో చదువుకుంటుంటే తోడుగా వచ్చింది. పిల్ల చదువయిపోయి వెళ్ళిపోయినా ఈవిడ ఉండిపోయింది, ఆవిడ కథల కోసం మా ఛానెల్ వాళ్ళు కదలనివ్వలేదు. వాళ్ళ మాండింకా జాతిలో కథ చెప్పడం కొన్ని ఇంటిపేర్ల వాళ్ళకే తాతల నుంచి వచ్చే పని. కుయాతేలు అలాంటివాళ్ళు. జానెడున్నర ఇనుప గొట్టాన్ని చిన్న కమ్మీతో కొడుతూ కథ చెబుతుంది. ఒక్కో వాక్యం అయ్యాక ఆగుతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు "నాము" అనాలి. అంటేనే తర్వాతి వాక్యం.

మొదటిరోజు మా వంటగదిలో ఆవిడ ఒక వాక్యం చెప్పి ఆగింది. భాష తెలియకపోయినా అమ్మ గిన్నె తోముతూనే "ఊ" అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. ఆరోజు నుంచి వాళ్ళిద్దరూ అక్కచెల్లెళ్ళే. ఆవిడ వేరుశనగ పులుసు వండితే అమ్మ రాగిసంకటి కెలికేది. మా అమ్మ దగ్గర నేర్చుకున్నందువల్ల కుంబా తెలుగు కూడా అచ్చం మా విజయనగరం యాసలోనే ఉండేది.

ఇక డాక్టర్ వరాహమూర్తి. గుండె, మెదడు, లయ అంటూ పాతికేళ్ళు పరిశోధన చేసిన పెద్దమనిషి. మధురవాడ కొండ మీద మా ఛానెల్ కట్టిన ప్రయోగశాలకు ఆయనే అధిపతి. ఆయన చేసిన వస్తువు పేరు లయపట్టి. మెడ వెనక తగిలించుకునే రెండంగుళాల పట్టీ. అదేం చేస్తుందో నేను చెప్పేకంటే మా తమ్ముడు సన్నిబాబుకు జరిగింది చెబుతాను.

సన్నిబాబు ఓడరేవులో క్రేన్ నడుపుతాడు. సినిమాకు తీసుకెళ్తే టైటిల్స్ పడేలోపే గురక పెట్టే రకం. "కథంటే పడనివాడు కావాలి" అని డాక్టరుగారు అడిగితే వాణ్ణే పట్టుకెళ్ళాను. మే నెల, మిట్టమధ్యాహ్నం. వాడి మెడకు పట్టీ కట్టారు. తెర మీద రెండు గీతలు, ఆకుపచ్చది కుంబా ఇనుప గొట్టం మోత, ఎర్రది మావాడి గుండె. పది వాక్యాలయ్యేసరికి ఎర్రగీత వచ్చి పచ్చగీత మీద పడుకుంది. అప్పుడు కుంబా తన కథలో వాన కురిపించింది. సన్నిబాబు ఒళ్ళంతా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కాలరు పైకి లాక్కున్నాడు. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

కథ చివర కుంబా కమ్మీ కింద పెట్టింది. "ఈ కథని ఏ రాయి కింద తీసానో ఆ రాయి కిందే ఎట్టీసాను. సేతులు కడుక్కుంతన్నాను" అని పక్కనున్న గిన్నెలోకి చేతులు చాపింది. ఆవిడకు తోడొచ్చిన అమ్మ చెంబుతో నీళ్ళు పోసింది.

"అక్కా, నేనా ఊరెల్లొచ్చీసానే!" అన్నాడు సన్నిబాబు కళ్ళు నులుముకుంటూ. "కాళ్ళకి బురదంటుకుంది. ఒట్టు!"

"చూశారా, పట్టీ స్విచ్ తియ్యగానే గుండె ఎలా విడిపోయిందో!" అని డాక్టరుగారు మురిసిపోయారు. నేను తెరకేసి చూశాను. ఎర్రగీత విడిపోయింది స్విచ్ తీసినప్పుడు కాదు. నీళ్ళు చేతుల మీద పడ్డప్పుడే. స్విచ్చుకు తొమ్మిది సెకన్ల ముందు. తొమ్మిది సెకన్లు నా కళ్ళు కప్పి పోలేవు, అది నా వృత్తి. కానీ ఆకలి దంచేస్తోంది. ఆయన అంత సంబరపడుతుంటే మధ్యలో మనకెందుకులే అని ఊరుకున్నాను. ఎన్నో చోట్ల నోరు పారేసుకున్నదాన్ని, నోరు విప్పాల్సిన ఆ ఒక్కచోట మూసుకున్నాను.

*

ఛానెల్ వాళ్ళు కుంబా కథలతో ఒక ధారావాహిక మొదలుపెట్టారు. వాళ్ళ జాతి కథలు, రాబోయే కాలంలో జరిగినట్టుగా. మొదటి భాగం బకారి అనే వేటగాడిది.

నది ఎండిపోతున్న కాలం. నీళ్ళు తాగడానికి ఆకాశం నుంచి యంత్రాలు దిగి, మనుషుల వేషంలో ఊళ్ళో తిరుగుతుంటాయి. వాటిని గుర్తుపట్టడానికి ఊరి కమ్మరి దుమ్ములగొండి ఎముకకు ఇనుము పోసి ఒక దవడ తయారుచేసి బకారికి తొడుగుతాడు. దవడ తొడుక్కున్నవాడి కంటికి నీటిదొంగల అసలు రూపం కనబడుతుంది. బకారి ముగ్గుర్ని కొరికి చంపుతాడు. దవడకు నెత్తురు రుచి తగులుతుంది. ఇక అక్కణ్ణుంచి ఎవర్ని చూసినా నీటిదొంగలాగే కనబడతారు. పక్కింటివాళ్ళు, పిల్లలు, కమ్మరి కూడా. బకారి ఊరి తలుపు మూసేసి, అందరివైపూ తిరుగుతాడు.

ఆహా, ఎంత గొప్ప చోటు! అక్కడే కోశాను.

కుంబా మైకు ముందు నుంచి లేవలేదు. "ఇంకా కథుంది పైడీ."

"ఉందమ్మా. వచ్చే వారం రికార్డు చేద్దాం. అప్పటిదాకా జనం కొట్టుకు చావాలి."

ఆ మాట అలాగే అన్నాను. సరదాగా అన్నాను.

"ఈ కథకి తలుపు తెరిసి ఒగ్గీకూడదమ్మా. లోపల మనిసుంటాడు."

"వారమే కదా!"

"వారం దాకా ఆడేటి తింటాడు?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. డాక్టరుగారిని పిలిచాను. ఆయన నవ్వి, "స్విచ్ తీస్తే అంతా విడిపోతుందమ్మా, భయమేం లేదు" అన్నారు. రికార్డింగ్ ఆపించేశాను. అయినా ఆ మొండిమనిషి కదలందే! కథను తెరిచి వదిలేసి ఇంటికెళ్ళి నిద్రపోవడం తమ వంశంలో లేదట. ఖాళీ స్టూడియోలో, మూసేసిన మైకు ముందు కూర్చుని మిగతా కథ ఎత్తుకుంది. "ఊ కొట్టమ్మా పైడీ" అంది. నేను ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. ఒక వాక్యం చెప్పి ఆగింది. నేను పలకలేదు. మళ్ళీ చెప్పింది. "అబ్బబ్బ, కానీమ్మా!" అని విసుక్కున్నాను.

క్యారేజీ పట్టుకుని అప్పుడే వచ్చిన మా అమ్మ, నా వైపు ఒక చూపు చూసి, వెళ్ళి ఆవిడ ఎదురుగా కింద చతికిలపడి "ఊ" అంది. ఆ కథ ముగింపు చెవిపెట్టి విన్న మనిషి ఈ భూమ్మీద ఆవిడొక్కతే.

*

మా ఛానెల్ హాల్లో మొదటి భాగం ప్రదర్శనకు ఇరవై ఇద్దర్ని పిలిచి, అందరి మెడలకూ లయపట్టీలు కట్టాం. శనివారం ఉదయం పదిన్నర. సన్నిబాబుకు సెలవు. "ఇంట్లో ఈగలు తోలుకుంటూ కూర్చునే బదులు రారా, బిరియానీ కూడా పెడతారు" అని ఫోన్ చేసి పిలిచింది నేనే. రెండో వరసలో కూర్చుని గాజు వెనకున్న నాకు చెయ్యూపాడు. వాడి పక్కన రిటైరైన పంతులమ్మ అనసూయమ్మగారు, వెనక వరసలో జిమ్‌లో నేర్పే ఒక కండలవీరుడు. కుంబా గౌరవ అతిథిగా ముందు వరసలో ఒడిలో ఇనుప గొట్టం పెట్టుకుని కూర్చుంది. ఆవిడకు పట్టీ లేదు.

నేను కూర్చున్నది హాలుకు ఆనుకున్న కంట్రోల్ గదిలో, మందపాటి గాజు వెనక. హాలు తలుపు తాళం మీట నా చేతి కింద ఉంటుంది.

బకారి తలుపు మూశాడు. వెనక్కి తిరిగాడు. తెర చీకటయింది. హాల్లో దీపాలు వెలిగాయి. డాక్టరుగారు స్విచ్ తీశారు.

తెర మీద పచ్చగీత ఆగిపోయింది, గొట్టం మోత లేదు కనుక. ఎర్రగీతలు ఆగలేదు. ఇరవై రెండు గుండెలూ ఒకే లయలో, లేని మోతకు కొట్టుకుంటూనే ఉన్నాయి. "డాక్టరుగారూ, ఉండండి!" అని అరిచాను. ఆయన అప్పటికే హాల్లోకి వెళ్ళిపోయారు. ఒక చేతిలో మైకు, ఇంకో చేతిలో నీళ్ళ సీసా.

"ఎలా ఉందండీ కథ?" అని అనసూయమ్మగారి ముందు వంగారు.

ఆవిడ ఆయన మొహం చూడలేదు. నీళ్ళ సీసాను చూసింది. తర్వాత లేచి, ఎంతో నెమ్మదిగా, మనవడికి ముద్దు పెట్టే ముసలమ్మలా ఆయన తల రెండు చేతులతో పట్టుకుని చెవి కొరికేసింది. కొరికి వదల్లేదు. తల అటూ ఇటూ విదిలించి లాగింది. ఆయన పెట్టిన కేక మైకులోంచి నా చెవుల్లో పడింది. చెవి తెగిపోయాక ఉమ్మేసి, గొంతు అందుకుంది.

మిగతావాళ్ళు లేచారు. వాళ్ళంతా ఒకవైపని మీరనుకుంటారేమో. కాదు. కథలో బకారి ఒక్కడే. అంటే హాల్లో ఇరవై ఇద్దరు బకారిలు, ప్రతివాడికీ చుట్టూ ఇరవైమంది పైగా నీటిదొంగలు! భార్యాభర్తలు ఒక జంట వచ్చారు, వేలు వేలు పట్టుకుని కూర్చున్నవాళ్ళు. భర్త భార్య తలను ముందు కుర్చీ వెనక ఇనుపచట్రానికేసి బాదాడు. ఎముక విరిగిన చప్పుడు గాజు ఇవతలికి వినబడింది. ఆమె నెత్తురు కారుతున్న మొహంతోనే అతని బొటనవేలు నోట్లో పెట్టుకుని కొరుకుతోంది. కండలవీరుడు గోడకున్న మంటలార్పే సిలిండర్ పీకి కనబడ్డ తలనల్లా పగలగొడుతున్నాడు. అరుపులు లేవు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. వేటగాడు అరవడు కదా!

ఇద్దరు తలుపువైపు పరిగెత్తారు. కింది అంతస్తులో పాటల పోటీకి వచ్చిన అరవైమంది పిల్లలున్నారు. నేను మీట నొక్కాను. తాళం పడింది.

లోపల కుంబా ఉందని తెలిసే నొక్కాను. మా తమ్ముడూ ఉన్నాడు. ఇంకో దారి ఉందేమోనని ఇప్పటికీ వెతుక్కుంటున్నాను, దొరకలేదు.

సన్నిబాబు కెమెరా స్టాండ్ కాలు ఊడబీకాడు. దానితో ఒక మనిషి పొట్టలో పొడిచాడు. నా తమ్ముడు, బొద్దింకను కూడా చీపురుతో బయటికి తోసేవాడు, ఆ మనిషి కింద పడ్డాక కూడా పొడిచాడు.

కుంబా తలుపు కొట్టలేదు. నావైపు చూసి కాపాడమని అడగలేదు. లేచి, పైట నడుముకు చుట్టుకుని, మా తమ్ముడివైపు నడిచింది. అంతమందిలో వాడివైపే ఎందుకు నడిచిందో నాకు తర్వాత తెలిసింది. ఆ గదిలో చిన్నప్పటి పేరు ఆవిడకు తెలిసినవాడు వాడొక్కడే.

గొట్టం మోగింది. టంగ్, టంగ్‌మని అదే లయ. సన్నిబాబు తల తిప్పాడు.

"పీతోడా!" అంది కుంబా.

పసితనంలో వాడు పీతలాగా పక్కకు పాకేవాడు. అమ్మ పెట్టిన పేరు అది. బడిలో వేశాక ఎవరూ అలా పిలవలేదు.

వాడు ఆగాడు. కుంబా ఇంకా ఏదో చెబుతోంది, ఒక్కో వాక్యం చెప్పి ఆగుతోంది, వాడి నోటివైపు చూస్తోంది. వాడు పలకలేదు. ఇంకో అడుగు వేసింది.

"పీతోడా!"

రెండో పిలుపుకు ఇనుపకాలు పట్టిన చెయ్యి కిందికి దిగింది. వాడి పెదాలు విడివడ్డాయి. నేను గాజుకు మొహం ఆనించి, "పలకరా, పలకరా నా తండ్రీ" అని ఏడుస్తున్నాను.

వెనక నుంచి సిలిండర్ వచ్చి కుంబా భుజం మీద పడింది. ఆవిడ మోకాళ్ళ మీద కూలింది. కమ్మీ ఎగిరిపోయింది, మోత ఆగింది. మోత ఆగగానే సన్నిబాబు కళ్ళు మళ్ళీ మారిపోయాయి. ఇనుపకాలు పైకెత్తాడు. కొట్టాడు. ఆవిడ తల పైకెత్తి చెబుతూనే ఉంది. మళ్ళీ కొట్టాడు. పళ్ళూ నెత్తురూ రాలుతున్నా ఆ పెదాలు కదులుతూనే ఉన్నాయి. కదలడం ఆగేదాకా కొట్టాడు.

*

పోలీసులు పావుగంటలో వచ్చారు. వాళ్ళ వెనకే, మెట్లెక్కలేక రొప్పుతూ, క్యారేజీతో మా అమ్మ. శనివారం కుంబాకు రాగిసంకటి తేవడం అలవాటు.

హాల్లో తొమ్మిదిమంది నిలబడి ఉన్నారు. మిగతావాళ్ళు కింద ఉన్నారు, కొందరు కదులుతున్నారు. డాక్టరుగారు కదలడం లేదు. సన్నిబాబు గాజును కొడుతున్నాడు. నన్ను చూస్తూ, నన్ను గుర్తుపట్టకుండా కొడుతున్నాడు. గాజు మీద సాలెగూడులా బీటలు పాకాయి.

"ఇది పగిలితే నేను కాల్చక తప్పదమ్మా" అన్నాడు ఎస్.ఐ. పిస్తోలు తీసి. కుర్రవాడు. "కింద పిల్లలున్నారు."

"ఆడు నా తమ్ముడండీ!"

"ఎవరైనా సరే. పది నిమిషాలు చూస్తాను."

అమ్మ గాజులోంచి లోపలికి చూసింది. కుంబాను చూసింది. ఏడవలేదు. క్యారేజీ బల్ల మీద పెట్టి, "ఏటయ్యిందే?" అంది. ఒక్క గుక్కలో చెప్పేశాను. నేను కథ కోసింది కూడా.

"ఎన్నిసార్లు పిలిసింది?"

"రెండుసార్లు."

"కథలో బకారిని పసిపేరుతో మూడుసార్లు పిలుస్తారు. అయితే ఇంకొకటే ఉంది. తలుపు తియ్యి."

"నీకు పిచ్చెక్కిందా? సూస్తన్నావు కదా ఆడెలగున్నాడో! కుంబమ్మని ఏం సేసినాడో!"

"సూస్తన్నాను. తియ్యి."

"తియ్యను!"

చెంప ఛెళ్ళుమంది. పెళ్ళీడుకొచ్చిన కూతురున్న నన్ను, పోలీసుల ముందు కొట్టింది. "కథ సగంలో కోసినావు, నోరు మూసుకున్నాను. పిల్లణ్ణి కూడా సగంలో కోసేత్తానంటే ఊరుకోను. తియ్యే!"

మీట నొక్కాను. తలుపు ఆవిడ పట్టేంత తెరుచుకుంది. ఆవిడ లోపలికి వెళ్ళాక మళ్ళీ నొక్కాను. ఆ చప్పుడు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

అమ్మ నెత్తుట్లో కాలు జారుతూ కుంబా దగ్గరికి వెళ్ళి, ఆవిడ చేతి కిందనుంచి ఇనుప గొట్టం తీసింది. "అక్కా, నాకియ్యి" అంది మెల్లగా. గొట్టాన్ని నడుము దగ్గర చీరకుచ్చిళ్ళలో గట్టిగా దోపుకుంది. కమ్మీ వెతికి కుడిచేత్తో పట్టుకుంది. టంగ్ అని కొట్టింది.

తొమ్మిది తలలూ తిరిగాయి.

"అప్పుడు బకారి ఊరి తలుపు మూసీసి ఎనక్కి తిరిగినాడు" అని ఎత్తుకుంది అమ్మ. జముకుల కథ గొంతు అది. అరవై ఐదేళ్ళ గొంతు, ఒక్క జీర లేదు. "తిరిగితే ఎదర ఓ ముసిల్ది నిలబడున్నాది."

ఆగింది. ఊ కావాలి. ఊ లేకుండా తర్వాతి వాక్యం రాదు. వాళ్ళు చుట్టూ మూగుతున్నారు. అనసూయమ్మగారి గడ్డం నుంచి డాక్టరుగారి నెత్తురు కారుతోంది. ఎవరూ పలకలేదు.

నా ముందు హాల్లోకి మాట్లాడే మైకు ఉంది. దాన్ని అందుకుని "ఊ" అన్నాను.

అమ్మ తలెత్తి గాజువైపు చూసింది. "ఆ ముసిల్ది ఆడి తల్లి. ఆడి కంటికది తల్లిలాగ అవుపడ్లేదు."

"ఊ."

"కర్రొద్దన్నాది. బల్లెమొద్దన్నాది. ఒట్టి సేతుల్తో ఎల్లినాది."

"ఊ."

సన్నిబాబు గాజు వదిలేసి ఆవిడవైపు తిరిగాడు. ఇనుపకాలు ఈడ్చుకుంటూ నడిచాడు. ఎస్.ఐ. పిస్తోలు గురిపెట్టాడు. నేను అతని మణికట్టు పట్టుకున్నాను. ఎలా పట్టుకున్నానో, మర్నాడు అక్కడ నా గోళ్ళ గాట్లున్నాయట.

"ఆ దవడకి ఆకలున్నాది. ఏదోటి కొరక్కుండా అది ఊడిరాదు. అందుకని తల్లేం సేసినాదంటే..." అమ్మ టంగ్‌మని కమ్మీ కొట్టింది. "తన సెయ్యి తనే తీసికెల్లి ఆ దవడలో ఎట్టీసినాది."

"ఊ" అనలేకపోయాను. అమ్మ చూపు నామీదే ఉంది. ఆగింది. ఆగే ఉంది. సన్నిబాబు ఇనుపకాలు పైకి లేచింది.

"ఊ" అన్నాను.

అమ్మ ఎడమచెయ్యి కొడుకు నోటికి అందించింది. చిన్నప్పుడు ముద్ద పెట్టినట్టే, వేళ్ళు దగ్గరగా చేర్చి. వాడు ఇనుపకాలు పారేసి రెండు చేతులా ఆ మణికట్టు పట్టుకుని కొరికాడు. నేను ఎముక చప్పుడు విన్నాను. అమ్మ నోట్లోంచి చిన్న మూలుగు కూడా రాలేదు. కుడిచెయ్యి మాత్రం ఆగలేదు. టంగ్, టంగ్, టంగ్.

వాడి చెవి దగ్గర నోరు పెట్టి మూడోసారి పిలిచింది.

"పీతోడా!"

వాడి నోరు తెరుచుకుంది. తెగిన రెండు వేళ్ళు కింద పడ్డాయి. వాడి గొంతులోంచి ఊపిరి లాంటిదేదో వచ్చింది.

"ఊ" అన్నాడు.

అమ్మ కమ్మీ కింద పెట్టింది. డాక్టరుగారి నీళ్ళ సీసా కుర్చీ కింద దొర్లి ఉంది. దాన్ని పళ్ళతో తెరిచి, తన చేతుల మీద తనే వంపుకుంది. "ఈ కథని కుంబా కుయాతే ఏ రాయి కింద తీసినాదో ఆ రాయి కిందే ఎట్టీసినాను. సేతులు కడిగీసినాను" అంది. పేరు పిలిచింది వాడొక్కణ్ణే. కథ మూత మాత్రం అందరికీ పడింది. మిగతా ఎనిమిదిమందీ నిలబడ్డచోటే పిండి బస్తాల్లా కూలబడ్డారు. అనసూయమ్మగారు తన చేతులు చూసుకుని, నోరు తుడుచుకుని, అప్పుడు అరిచింది.

*

లయపట్టీలన్నీ కోర్టు వాళ్ళ దగ్గర ఉన్నాయి. ఛానెల్ మూతబడింది. నామీద కేసు నడుస్తోంది, నడవాలి కూడా. అమ్మ జముకు గోడకు తగిలించి ఉంది. ఎడమచేతికి ఉన్న వేళ్ళతో నరం మీటడం కుదరదు. కుంబాను గాంబియా పంపేటప్పుడు ఆ ఇనుప గొట్టాన్ని అమ్మ తనే తుడిచి పెట్టెలో పెట్టింది.

సన్నిబాబు ఆస్పత్రిలో పన్నెండు రోజులు నోరు విప్పలేదు. పదమూడో రోజు పొద్దున్న నేను ఇడ్లీ తుంచి పెడుతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. వాడికి అంతా గుర్తుంది. కాకపోతే బకారికి గుర్తున్నట్టు గుర్తుంది. నది గుర్తుంది, దవడ బరువు గుర్తుంది.

"ఒక దొంగ ఉండీది అక్కా" అన్నాడు. "అందరూ కలబడ్డారు గానీ అదొక్కతీ కలబడ్లేదు. ఎంత కొట్టినా ఏదో సెప్తానే ఉండీది. ఒక ముక్క సెప్పడం, ఆగడం. నా మొకం కేసి సూడ్డం. మల్లీ ఒక ముక్క." నా చెయ్యి వదిలేశాడు. "అది ఊ కోసం సూసిందే. నేను ఊ కొట్టలేదు."

ఇడ్లీ చల్లారిపోయింది. బయట వరండాలో అమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది. నాకు మూసేసిన మైకు ముందు కూర్చున్న ఆ మనిషి, నా మొహంకేసి చూసిన ఆ చూపు కళ్ళ ముందు ఆడింది.

"నేనూ కొట్టలేదురా" అన్నాను.